మత్తు డాక్టరు గారి పరిశోధనా వ్యాసాలు – ఒక ఆడిటరు చూపు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజును మనం ఏటా ఇలా జరుపుకుంటున్నాం. ఈసారి నన్ను మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల మీద మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. ఆ బిల్లుల బాధ నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని వారి అనుమతితో, బిల్లుకు ముందు జరిగే సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాను.

మనలో శుక్లాల ఆపరేషను కానివాళ్లు తక్కువ. మోకాళ్లు, ప్రొస్టేటు, పిత్తాశయంలో రాళ్లు, గుండె బైపాసు – ఏదో ఒకటి ఈ హాల్లో ప్రతి వరుసలోనూ ఉంది. పెద్ద ఆపరేషనయితే, బల్ల మీద పడుకున్నాక సర్జను కంటే ముందు మన చెయ్యి పట్టుకునేది మత్తు డాక్టరు. ఏ మందు ఎంత ఎక్కించాలో ఆయన ఎలా నిర్ణయిస్తాడు? తను చదివిన పుస్తకాన్ని బట్టి, అనుభవాన్ని బట్టి, వైద్య పత్రికల్లో అచ్చయిన పరిశోధనా వ్యాసాలను బట్టి. మరి ఆ వ్యాసాల్లోని అంకెలు కల్పితమైతే?

అలా జరిగింది. ఒక్క వ్యాసంలో కాదు, వందకు పైగా వ్యాసాల్లో జరిగింది. జపానులో ఒకే మనిషి చేతి మీదుగా, సుమారు ఇరవై ఏళ్ల పాటు జరిగింది.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు ఆడిట్ శాఖలో ఊరూరూ తిరిగి వోచర్లు చూసినవాణ్ణి. మా అల్లుడు మత్తు డాక్టరు. ఒకరోజు భోజనాల దగ్గర ఈ కథ ఎత్తాడు. మందుల పేర్లు నాకు ఒక పట్టాన నోరు తిరగలేదు గానీ, ఆ పెద్దమనిషి ఎలా దొరికిపోయాడో మాత్రం అల్లుడు చెప్పకముందే గ్రహించాను. ఆ తరువాత దాని మీద వచ్చిన కాగితాలన్నీ తెప్పించుకుని చదివాను.

ఆయన పేరు యోషిటాకా ఫుజీ. జపానులో సుకుబా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 2005 నుంచి టోక్యోలోని తోహో విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసరు. ఆయన ఎంచుకున్న విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఆపరేషను అయి తెలివి వచ్చాక కొందరికి వికారం, వాంతులు వస్తాయి. సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుందని లెక్క. ప్రాణం మీదికి రావడం అరుదే, కానీ పడ్డవాళ్లను అడగండి. పొట్ట మీద కుట్లు పెట్టుకుని వాంతి చేసుకోవడం అంటే ఏమిటో మా ఆవిడకు తెలుసు. పిత్తాశయం తీసినప్పుడు రాత్రంతా ఆ అవస్థే. దాన్ని ఆపడానికి గ్రానిసెట్రాన్ అనే మందు ఉంది. మొదట కాన్సరు మందుల వల్ల వచ్చే వాంతులకు వాడేవారు. ఆపరేషను తరువాత కూడా అది బాగా పనిచేస్తుందా అన్నదే ఫుజీ గారి పరిశోధన.

1990ల్లో ఆయన దీని మీద వ్యాసం తరువాత వ్యాసం రాశాడు. ఆడవాళ్ల ఆపరేషన్లకు ఒకటి, పిల్లలకు ఒకటి, చెవికి ఒకటి, పిత్తాశయానికి ఒకటి. పద్ధతి అంతా ఒకటే. రోగులను చీటీలు తీసినట్టు గుంపులుగా విడగొట్టడం, ఒక గుంపుకు ఈ మందు, ఇంకో గుంపుకు వేరే మందు, మరో గుంపుకు ఉత్త సెలైను, తరువాత ఎవరికి ఎన్ని వాంతులయ్యాయో లెక్కపెట్టడం. ఇలా చేసే పరీక్షలకే వైద్యంలో అన్నిటికంటే విలువ ఎక్కువ. అవి పెద్ద పెద్ద పత్రికల్లో అచ్చయ్యాయి. ఇతర వైద్యులు తమ వ్యాసాల్లో వాటిని ఉదహరించారు. ఉదహరించిన కొద్దీ గౌరవం, గౌరవం కొద్దీ పదవి. మన ఉద్యోగాల్లో చిన్నమొత్తాల పొదుపు టార్గెట్లు గుర్తున్నాయా? ఎన్ని పుస్తకాలు తెరిపించారన్నది అడిగేవారు గానీ, ఎవరి పేరిట, ఎన్నాళ్లు ఉన్నాయన్నది అడిగేవారు కాదు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనా వ్యాసాల సంఖ్య కూడా అలాంటి టార్గెట్టే. మన దేశం అందుకు మినహాయింపు కాదు.

ఇక్కడ నా శాఖ సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంచాయతీ సమితిలో చెరువు పూడికతీత పని లెక్కలు చూస్తున్నాం. మస్టరు రోలులో నలభై మంది కూలీలు. ఇరవై ఆరు రోజుల పని. కూడికలన్నీ సరిపోయాయి, వేలిముద్రలన్నీ ఉన్నాయి, కొలతల పుస్తకంలో సంతకం ఉంది. నేను టిక్కులు పెట్టుకుంటూ పోతుంటే మా సీనియర్ ఆడిటరు గారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని, "ఒక్క నాగా అయినా ఉందా చూడు" అన్నారు. లేదు. నడివేసవి, మధ్యలో ఊళ్లో జాతర, అయినా నలభై మందిలో ఒక్కడికీ జ్వరం రాలేదు, ఒక్కడూ అత్తవారింటికి పోలేదు. "తప్పులున్న లెక్కను సరిదిద్దవచ్చు. నాగా లేని మస్టరు రోలును మాత్రం ఇంటికి తీసుకుపోయి రాత్రంతా చూడాలి" అన్నారాయన. ఆ కూలీల్లో ఇద్దరు అప్పటికే చనిపోయినవాళ్లని తరువాత తేలింది.

ఫుజీ గారి వ్యాసాల్లోనూ నాగా లేదు.

మొదట దాన్ని పట్టుకున్నది జర్మనీలోని వుర్జ్‌బర్గ్ వైద్యులు ముగ్గురు – క్రాంకే, ఆప్ఫెల్, రోయర్. మందులన్నిటికీ దుష్ఫలితాలుంటాయి. తలనొప్పి, తల తిరగడం వంటివి ఏ గుంపులో ఎందరికి వచ్చాయో వ్యాసంలో రాయాలి. ఫుజీ వ్యాసాలను వరుసగా పేర్చి చూస్తే, వ్యాసం తరువాత వ్యాసంలో అన్ని గుంపుల్లోనూ తలనొప్పి వచ్చినవాళ్ల సంఖ్య దాదాపు ఒకటే. ఈ గుంపులో ఇద్దరైతే ఆ గుంపులోనూ ఇద్దరే. ఒకసారి అలా కుదరవచ్చు. ప్రతిసారీ కుదరడం ఎలా? 2000 సంవత్సరంలో వారు "అనస్థీషియా అండ్ అనాల్జీసియా" అనే అమెరికా పత్రికకు ఉత్తరం రాశారు. ఫుజీ బృందం అంకెలు నమ్మశక్యం కానంత చక్కగా ఉన్నాయని ఆ ఉత్తరానికి శీర్షికే పెట్టారు. మర్యాదగా రాసిన ఆడిట్ పారా అది.

పత్రిక ఆ ఉత్తరాన్నీ, ఫుజీ జవాబునూ పక్కపక్కనే అచ్చువేసింది. నా అంకెలు నిజమైనవే, ఇంకెంత సాక్ష్యం కావాలి అన్నది ఆ జవాబు సారాంశం. అంతటితో ఫైలు మూసేశారు. నన్నడిగితే, ఈ కథలో అన్నిటికంటే బాధాకరమైన భాగం ఇదే. మోసం చేసేవాడు ఎక్కడైనా ఉంటాడు. అభ్యంతరం రాతపూర్వకంగా వచ్చాక కూడా మూల రికార్డులు తెప్పించి చూడకపోవడానికి ఏం సమాధానం చెబుతారు? రోగుల కేసు షీట్లు ఏవి, మందుల స్టాకు రిజిస్టరు ఏది అని ఒక్కరు అడిగి ఉంటే చాలు. ఎవరూ అడగలేదు. ఆ తరువాత ఆయన వ్యాసాలు మళ్లీ పదుల సంఖ్యలో వచ్చాయి. తోహోలో పదవి వచ్చింది కూడా ఆ ఉత్తరం అచ్చయిన ఐదేళ్ల తరువాతనే.

ఇక రెండో వ్యక్తి. ఇంగ్లండులో టార్క్వే అనే సముద్రపు ఒడ్డు పట్టణంలో జాన్ కార్లైల్ అనే మత్తు డాక్టరు ఉన్నాడు. పెద్ద విశ్వవిద్యాలయం ప్రొఫెసరు కాదు. గణాంక శాస్త్రంలో పట్టా ఉన్నవాడూ కాదు. జిల్లా స్థాయి ఆసుపత్రిలో రోజూ రోగులకు మత్తు ఇచ్చే మనిషి. ఆపరేషను తరువాత వాంతులకు ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఆయన, మరొకరు కలిసి ప్రపంచంలో వచ్చిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి 2006లో ఒక సమీక్ష ప్రచురించారు. 737 అధ్యయనాలు, లక్షకు పైగా రోగులు. అన్ని కాగితాలు చదివినవాడికి ఏ దస్తూరి ఎవరిదో తెలిసిపోతుంది. ఫుజీ వ్యాసాల దగ్గర ఆయనకు అనుమానం తగిలింది. తరువాత "అనస్థీషియా" అనే బ్రిటిష్ పత్రిక సంపాదకుడు స్టీవ్ యెంటిస్ ప్రోత్సాహంతో ఆ అంకెల మీదే కూర్చున్నాడు.

ఆయన పద్ధతి మనకు సులభంగానే అర్థమవుతుంది. ఈ హాల్లో అరవై మందిమి ఉన్నామనుకోండి. చీటీలు తీసి ముప్పై మంది చొప్పున రెండు గుంపులు చేద్దాం. ఒక్కొక్క గుంపు సగటు బరువు లెక్కవేద్దాం. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి గానీ సరిగ్గా ఒకటి కావు. ఒకసారి కిలో తేడా, మరోసారి రెండున్నర కిలోలు, ఎప్పుడైనా మన కోశాధికారి గారు ఏ గుంపులో పడ్డారన్న దాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువ! (వారు నవ్వుతున్నారు కాబట్టి క్షమించారనే అనుకుంటున్నాను.) వయసుకీ అంతే, ఎత్తుకీ అంతే, బి.పి.కీ అంతే. చీటీలు నిజంగా తీస్తే ఈ హెచ్చుతగ్గులు ఇంత ఉండాలని గణితం చెబుతుంది. తేడా మరీ ఎక్కువైనా అనుమానమే. ఎన్నిసార్లు తీసినా తేడా మరీ తక్కువైతే, చీటీలు తీయలేదనీ, ఎవరో కూర్చుని అంకెలు రాశారనీ అర్థం. బుర్రలోంచి అంకెలు రాసేవాడు హెచ్చుతగ్గులకు భయపడతాడు. అన్నీ సమంగా ఉంటే నిజంలా కనిపిస్తుందనుకుంటాడు.

కార్లైల్ ఫుజీ గారి 168 పరీక్షలను ఈ తూకంలో వేశాడు. పక్కన ఇతరులు చేసిన పరీక్షలను పెట్టాడు. ఇతరుల అంకెలు గణితం చెప్పినట్టే చెదిరి ఉన్నాయి. ఫుజీ అంకెలు అలా యాదృచ్ఛికంగా రావడానికి ఉన్న అవకాశం కొన్నిచోట్ల ఎంత తక్కువంటే, ఒకటి తరువాత ముప్పైకి పైగా సున్నాలు పెట్టి అందులో ఒకటో వంతు. 2012 మార్చిలో ఆ వ్యాసం వెలువడింది.

అప్పుడు గాని కదలిక రాలేదు. ఆ సంవత్సరం ఆరంభంలోనే, కొన్ని వ్యాసాలకు నైతిక సంఘం అనుమతి లేదన్న కారణం మీద తోహో విశ్వవిద్యాలయం ఆయన్ను తొలగించింది. ఏప్రిల్‌లో 23 పత్రికల సంపాదకులు కలిసి జపాను సంస్థలకు ఉత్తరం రాశారు: మీ దగ్గరి రికార్డులు తీసి చూడండి, చూపలేకపోతే వ్యాసాలు ఉపసంహరిస్తాం అని. జపాను మత్తు వైద్యుల సంఘం విచారణ కమిటీ వేసి జూన్‌లో నివేదిక ఇచ్చింది. కమిటీ పరిశీలించిన వ్యాసాలు 212. వాటిలో కల్పిత అంకెలున్నవి 172. ఆ 172లో 126 మొదటి నుంచి చివరి దాకా కల్పితం – అసలు రోగులే లేరు. తేల్చలేనివి 37. సరైనవని తేలినవి మూడంటే మూడు. బల్ల ముందు కూర్చుని నవల రాసినట్టు రాశాడన్న అర్థంలో కమిటీయే రాసింది. తమ పేర్లు వ్యాసాల మీద ఉన్న సంగతి కొందరు సహ రచయితలకు తెలియనే తెలియదు. ఉపసంహరించిన వ్యాసాల సంఖ్య 170 దాటింది. చాలా ఏళ్లు ప్రపంచంలో అదే రికార్డు.

దీనివల్ల రోగులకు నష్టం జరిగిందా అని మీరు అడగాలి. ఫుజీ విషయంలో అదృష్టవశాత్తూ పెద్ద నష్టం లేదు. గ్రానిసెట్రాన్ నిజంగానే వాంతులను తగ్గించే మందు. ఇతరుల పరీక్షల్లో కనబడినంత కాకుండా ఆయన వ్యాసాల్లో గొప్పగా కనబడింది, అంతే. కానీ ఆయన రికార్డును దాటిన మరో మత్తు వైద్యుడి విషయంలో ఆ మాట అనలేం. ఆయన జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్ ఆసుపత్రిలో పనిచేసిన జోయాకిం బోల్డ్ట్. ఆయన వ్యాసాలు రెండు వందలకు పైగా ఉపసంహరణకు గురయ్యాయి.

బోల్డ్ట్ విషయం రక్తనాళాల్లోకి ఎక్కించే ద్రవాలు. రక్తం పోయి బి.పి. పడిపోయినప్పుడు సెలైను ఎక్కిస్తారు. పిండి పదార్థంతో తయారైన ద్రవం ఒకటుంది, స్టార్చ్ ద్రవం అంటారు. అది సెలైను కంటే ఎక్కువసేపు రక్తనాళంలో నిలుస్తుందనీ, ఏ హానీ లేదనీ బోల్డ్ట్ ఏళ్ల తరబడి రాశాడు. గుండె ఆపరేషన్ల మీద 2009లో ఆయన రాసిన ఒక వ్యాసంలో అంకెలు మరీ చక్కగా ఉన్నాయని పాఠకులు పత్రికకు రాశారు – చూశారా, మళ్లీ అదే మాట. ఈసారి రికార్డులు అడిగారు. స్టార్చ్‌తో పోల్చడానికి అల్బుమిన్ వాడానని ఆయన రాశాడు గానీ, ఆ ఆసుపత్రిలో ఆ పనికి అల్బుమిన్ వాడటం ఏనాడో మానేశారు. స్టాకు రిజిస్టరు ముందు ఎంత పెద్ద ప్రొఫెసరైనా నిలవలేడు. 2010లో ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది 88 వ్యాసాలకు నైతిక సంఘం అనుమతి లేదని పత్రికల సంపాదకులు ఉమ్మడిగా ప్రకటించారు.

అసలు సంగతి ఆ తరువాతది. 2013లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. ప్రమాదస్థితిలో ఉన్న రోగులకు స్టార్చ్ ఎక్కించిన 38 పరీక్షలను కలిపి లెక్కవేశారు. అందులో బోల్డ్ట్ పరీక్షలు ఏడే. ఆ ఏడింటినీ పక్కన పెట్టి మళ్లీ కూడితే, స్టార్చ్ ఎక్కించినవారిలో మరణాలు 9 శాతం, కిడ్నీలు దెబ్బతినడం 27 శాతం ఎక్కువని తేలింది. ఏడు దొంగ వోచర్లు మొత్తం పద్దును మసకబార్చాయి. అదే సంవత్సరం అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాని మీద తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. ఐరోపాలో మొదట ఆంక్షలు పెట్టి, 2022లో ఆ ద్రవాల అమ్మకాన్నే నిలిపివేశారు. మధ్యలో ఎందరి కిడ్నీలు పోయాయో ఎవరు లెక్క చెబుతారు?

మత్తు వైద్యంలో తప్పు సిద్ధాంతం లోకమంతా పాకడం కొత్త కాదు, అలాంటి కథ ఒకటి మన హైదరాబాదులోనే పుట్టింది. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ, నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫారం కమిషన్లు నడిపాడు. రెండో కమిషనుకు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ గారిని రప్పించింది. క్లోరోఫారం వల్ల ముందు శ్వాస ఆగుతుందే గాని గుండె కాదని, కాబట్టి శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. అది పొరపాటని, గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ నిరూపించాడు. కానీ లారీ గారిని ఫుజీ పక్కన నిలబెట్టడం అన్యాయం. ఆయన ప్రయోగాలు నిజంగా చేశాడు, బయటివారిని పిలిచి వారి ఎదుట చేశాడు, నమోదైనదంతా అచ్చువేయించాడు. అందుకే ఇతరులు దాన్ని ఖండించగలిగారు. లేని రోగుల లెక్కను ఎలా ఖండిస్తాం?

మళ్లీ కార్లైల్ దగ్గరికి వస్తాను. 2017లో ఆయన ఎనిమిది పత్రికల్లో వచ్చిన 5,087 పరీక్షలను అదే తూకంలో వేశాడు. అనుమానం తగిలిన వాటిలో స్పెయిను దేశపు పెద్ద పరీక్ష ఒకటి ఉంది – ఆలివ్ నూనె, గింజపప్పులు తింటే గుండెకు మేలని చెప్పినది. ఇందులో మోసం లేదు. అయితే ఆ పరిశోధకులు తమ పుస్తకాలు తామే తిరగేసి చూస్తే, ఒక కేంద్రంలో మనిషికొక చీటీ తీయకుండా ఊరంతటికీ ఒకే చీటీ తీశారని, కొన్ని ఇళ్లలో భార్యాభర్తలకు కలిపి ఒకే చీటీ తీశారని బయటపడింది. 2018లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి, మాట కాస్త తగ్గించి మళ్లీ అచ్చువేశారు. ఆడిట్ పారాకు ఇంత గౌరవంగా జవాబిచ్చిన శాఖను నా సర్వీసులో నేను ఒక్కదాన్నీ చూడలేదు.

ఆ తరువాత "అనస్థీషియా" పత్రికకు వచ్చే వ్యాసాలను ఆయన అచ్చుకు ముందే చూడసాగాడు. 2021లో దాని ఫలితం రాశాడు. రోగుల వివరాలు ఒక్కొక్కటిగా తెప్పించి చూసిన 153 పరీక్షల్లో 44 శాతంలో తప్పుడు అంకెలు దొరికాయి. ఆ వివరాలు తెప్పించనివాటిలో ఆయనకు దొరికినవి రెండు శాతమే. పైపై కాగితం చూస్తే ఏమీ తెలియదు. మూల రికార్డు అడిగితేనే తెలుస్తుంది. మన శాఖలో ఇది మొదటి నెలలో నేర్పేవారు.

ఇదంతా విని మత్తు అంటే భయపడి ఆపరేషను వాయిదా వేసుకునేవారెవరైనా ఉంటే దయచేసి ఆ పని చేయకండి. మత్తు వైద్యం మన చిన్నతనంలో కంటే ఎన్నో రెట్లు భద్రమైంది. అలా చేసినవారు ఈ పట్టుకున్నవారి వంటివారే. వుర్జ్‌బర్గ్ ఉత్తరం రాసిన ముగ్గురిలో ఆప్ఫెల్ అన్నాను కదా, ఆయన 1999లో ఒక చిన్న పట్టిక ప్రచురించాడు. ఆపరేషను తరువాత వాంతులు ఎవరికి వస్తాయో ముందే చెప్పే నాలుగు ప్రశ్నలు. రోగి స్త్రీయా? పొగ తాగని మనిషా? ఇంతకు ముందు మత్తు తరువాత వాంతులయ్యాయా, లేక బస్సు ప్రయాణం పడదా? ఆపరేషను తరువాత మార్ఫిన్ వంటి నొప్పి మందులు ఇవ్వబోతున్నారా? నాలుగింటికీ కాదంటే పదిమందిలో ఒకరికి, ఒకదానికి అవునంటే ఇద్దరికి, రెండైతే నలుగురికి, మూడైతే ఆరుగురికి, నాలుగైతే ఎనిమిదిమందికి వాంతులు రావచ్చు. దాన్ని బట్టి మత్తు డాక్టరు ముందుగానే మందు సిద్ధం చేసుకుంటాడు. ఫుజీ గారి 212 వ్యాసాలు ఎక్కడున్నాయో తెలియదు గానీ, ఈ నాలుగు ప్రశ్నలు మత్తు డాక్టర్లు వాడుతూనే ఉన్నారు.

మా ఆవిడ తిరుమల ఘాట్ రోడ్డులో నిమ్మకాయ చేత పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునే మనిషి. మొదటి ఆపరేషనప్పుడు ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషనుకు వెళ్లినప్పుడు ఒక కుర్ర మత్తు డాక్టరు కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, "అమ్మా, మీకు బస్సు పడుతుందా?" అని అడిగాడు. ఆపరేషనుకీ బస్సుకీ ఏమిటి సంబంధమని ఆమె నా వంక చూసి నవ్వింది. నేను ఘాట్ రోడ్డు సంగతి చెప్పాను. ఆయన రాసుకున్నాడు, ముందే రెండు మందులు ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆమె ఇడ్లీ తిని పడుకుంది. మీలో ఎవరికైనా ఆ ప్రశ్న ఎదురైతే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన అడగకపోతే మీరే చెప్పండి.